చెట్టు లేని నీడ

దయ్యాలు, గాలి సోకడాలు అంటూ మా ఇంట్లో ఎవరు మాట్లాడినా నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోయేదాన్ని. నేరేడ్‌మెట్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. కళ్లతో చూసినదాన్ని కూడా రెండోసారి చూశాకే నమ్మే మనిషిని. అలాంటి నేను ఇది రాస్తున్నది భయంతో కాదు, కోపంతో.

కోపం మా ఆయన రవీందర్ మీద.

రెండేళ్ల కింద వేసవి సెలవుల్లో ఆయన, నేను, మా అత్తమ్మ కారులో ద్వారక వెళ్లాం. అత్తమ్మకు డెబ్బై దాటాయి, షుగర్ ఉంది. ద్వారక చూడాలన్నది ఆమె కోరిక. దర్శనం బాగా జరిగింది, ఇక ఇంటికి పోదామంది. రవీందర్ వినలేదు. కచ్‌లో రణ్ చూడకుండా తిరిగొచ్చేది లేదన్నాడు. అది చలికాలంలో చూసే చోటు, ఎండల్లో అటు ఎవరూ పోరని హోటల్ వాళ్లు కూడా చెప్పారు. ఎవరు చెప్పినా ఆయనకు అంతే.

రణ్ అంటే ఉప్పు పేరుకున్న నేల. ఆకాశం అంచు దాకా తెల్లగా ఉంటుంది. మేము వెళ్లిన వైపు చెట్టు లేదు, పుట్ట లేదు, కరెంటు స్తంభం కూడా లేదు. మధ్యలో ఒక తారు రోడ్డు, అంతే. చివరి ఊళ్లో ఒక నీళ్ల క్యాన్ తీసుకుందామన్నాను. ఇంత దానికి క్యాన్ ఎందుకని కారు ఆపనే లేదు.

రోడ్డు మీదే పోయినా బాగుండేది. వీడియో కోసమని కారును ఉప్పు మీదికి దించాడు. నేను వద్దన్నాను, అత్తమ్మా వద్దంది. కొంతసేపు సాఫీగానే పోయింది. రోడ్డు సన్నటి గీతలా మిగిలాక ఉప్పు పెచ్చు పగిలి ముందు చక్రాలు దిగబడ్డాయి. ఆ తెల్లటి పొర కింద అంతా బురదే. ఆయన మొండిగా యాక్సిలరేటర్ తొక్కుతూనే ఉన్నాడు. చివరికి ఇంజన్ వేడెక్కి ఆగిపోయింది. దాంతో పాటే ఏసీ. ఫోన్లలో సిగ్నల్ లేదు.

మిట్టమధ్యాహ్నం. లోపల కూర్చోలేం, బయట నిలబడలేం. ఉన్న సీసాడు నీళ్లూ అత్తమ్మకే పట్టించాను. ఆమెకు మాట తడబడింది. ఒళ్లు కాలిపోతోంది, చెమట మాత్రం లేదు. వడదెబ్బ ఎటు తీసుకెళ్తుందో నాకు తెలుసు. రోడ్డు మీద ఎవరినైనా ఆపుతానని రవీందర్ బయల్దేరాడు. ఎండ నడినెత్తి మీద ఉంది, కారు నీడ జానెడు కూడా లేదు. అత్తమ్మను కింద దుప్పటి మీద పడుకోబెట్టి, నా చున్నీ ఆమెకు అడ్డంగా పట్టుకుని నిలబడ్డాను. నిలబడి ఆయన్ని తిడుతూనే ఉన్నాను.

అప్పుడు నా వీపు మీద ఎండ తగ్గింది. కళ్లు తిరుగుతున్నాయేమో అనుకున్నాను. కిందికి చూస్తే అత్తమ్మ మీద, నా మీద, సగం కారు మీద నీడ.

మబ్బు నీడ కాదది. మబ్బు నీడ ఒకే తీరుగా పరుచుకుంటుంది. ఇందులో చిల్లులు పడినట్టు ఎండ చుక్కలు ఉన్నాయి, అవి కదులుతున్నాయి. గాలి లేకపోయినా కదులుతున్నాయి. వేపచెట్టు కింద నేల ఎలా ఉంటుందో అచ్చం అలా. చుట్టూ చూశాను. ఎటు చూసినా నిలబడి ఉన్న వస్తువు ఒక్కటి లేదు. చెప్పు విడిచి నీడ బయట కాలు పెడితే చురుక్కుమంది. లోపల నేల చల్లగా ఉంది.

ఇక తల పైకెత్తబోతుండగా రవీందర్ కనిపించాడు. సగం దారి నుంచే వెనక్కి వస్తున్నాడు. కొంత దూరంలో ఆగిపోయి, మా తలల పైకి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత పరుగెత్తుకొచ్చి నా పక్కన కూలబడి, నన్నూ కూర్చోబెట్టి, నా తల వెనక చెయ్యి వేసి కిందికి వంచాడు.

"లతా, పైకి చూడకు," అన్నాడు.

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన గొంతు అంత చిన్నగా వినలేదు. నేను చూడలేదు. చూస్తే నీడ పోతుందేమో, అత్తమ్మ దక్కదేమో అనిపించింది.

ఎంతసేపు అలా ఉన్నామో తెలియదు. సరిహద్దు గస్తీ జవాన్ల జీపు ఒకటి మా కారును చూసి వచ్చింది. వాళ్లు దిగేసరికి మా మీద మామూలు ఎండ కాస్తోంది. ఒక జవాను అత్తమ్మ నుదురు తాకి, ఈమెను ఇంతసేపూ ఎక్కడ ఉంచారని హిందీలో అడిగాడు. ఆమె ఒళ్లు చల్లబడి ఉంది. భుజ్‌లో ఆసుపత్రిలో చేర్చాం, కోలుకుంది.

ఆసుపత్రి వరండాలోనే రవీందర్‌ను అడిగాను. ఏం చూశావని. మబ్బు, అన్నాడు. నా ముఖం చూడకుండా అన్నాడు.

అప్పటి నుంచి ఏ ఫంక్షన్‌కు పోయినా అదే కథ. తాను రోడ్డు దాకా ఉరికి జవాన్లను తీసుకొచ్చాడట. దేవుడి దయవల్ల కాస్త మబ్బు పట్టిందట. లతకు ఎండ తలకెక్కి ఏదేదో అనుకుందట. అందరూ నన్ను చూసి నవ్వుతారు.

పోయిన నెల సైనిక్‌పురిలో మా మరిది ఇంట్లో భోజనాలప్పుడు మళ్లీ మొదలుపెట్టాడు. నేనిక ఆగలేకపోయాను.

"మబ్బే అయితే, నన్ను పైకి చూడొద్దని ఎందుకన్నవ్?" అని అందరి ముందూ అడిగాను.

ఆయన పళ్లెంలో చెయ్యి కడిగేసుకుని, పోదాం పదండంటూ కారు దగ్గరికి వెళ్లిపోయాడు. అత్తమ్మ లేచి నా చెయ్యి పట్టుకుంది. "వాని కారుల నేను రాను. ఆటోల పోదాం పా బిడ్డా," అంది.

ఆటోలో ఆమెను మొదటిసారి అడిగాను.

"ఏందో నాకెర్క లేదు," అంది. "కండ్లు మూసుకునే ఉన్న. ఆకుల సప్పుడైతే ఇన్న. వాడు చూసిండు. చూసినోడు చెప్పడు."

ఆ రోజు మా మీద ఏం నిలబడిందో నాకు తెలియదు. ఎంత ఆలోచించినా లెక్క కుదరడం లేదు. తెలియకపోతే పోనీ, ఓర్చుకుంటాను. తెలిసిన మనిషి రోజూ నా ఎదురుగా కూర్చుని అన్నం తింటూ మబ్బే అంటాడు. అదే ఓర్చుకోలేకపోతున్నాను.