చక్కెర పోయిన నిమ్మతొన

నా చిన్నప్పుడు మా ఇంట్లో దయ్యాలకు ఎవరూ భయపడేవాళ్ళు కాదు, ఎంగిలికి భయపడేవాళ్ళు. అన్నం తింటూ కూర గరిటె ముట్టుకుంటే మా అమ్మ ఆ గరిటెను బయటికి తీసుకెళ్ళి బూడిదతో తోమి తెచ్చేది. గ్లాసు పెదవులకు తగిలించి మంచినీళ్ళు తాగితే వీపు మీద ఒకటి పడేది. జామకాయ పంచుకోవాలంటే గౌను అంచు అడ్డం పెట్టి కొరకాలి. అలా కొరికితే అది కాకెంగిలి, దానికి దోషం లేదు. బట్ట అడ్డం లేకుండా కొరికిన ముక్క ఎంత తియ్యగా ఉన్నా పారెయ్యాల్సిందే.

మేమప్పుడు అమీర్‌పేటలో ఉండేవాళ్ళం. మా గల్లీ ఉన్నచోట ఇప్పుడు హాస్టళ్ళూ కంప్యూటర్ కోర్సుల బోర్డులూ తప్ప ఇంకేం కనపడవు. అప్పట్లో వరసగా పెంకుటిళ్ళు. నాన్న సనత్‌నగర్‌లో ఒక ఫ్యాక్టరీలో పని చేసేవాడు, పక్కింటి ఖాలా భర్త కూడా అక్కడే. ఖాలా అంటే వాళ్ళ ఉర్దూలో పిన్నమ్మ. మాతో తెలుగే మాట్లాడేది కానీ మధ్యమధ్య తన మాటలు పడేవి. ఎంగిలిని జూఠా అనేది, అబద్ధాన్ని ఝూటా అనేది. ఆమెకవి రెండు వేరువేరు మాటలు. మా చెవికీ నోటికీ మాత్రం రెండూ జూటానే. అందుకే చాలాకాలం ఎంగిలి పెట్టడమూ అబద్ధం చెప్పడమూ ఒకే పాపం అనుకున్నాను. ఆ అభిప్రాయం ఇప్పటికీ పూర్తిగా మార్చుకోలేదు.

ఒక ఎండాకాలం మా గల్లీకి ఒకాయన రావడం మొదలుపెట్టాడు. తెల్ల బుష్‌షర్టు, మెడకు పౌడరు, పక్కనుంచి పోతే సెంటు వాసన. ప్రతి ఆడమనిషినీ చెల్లెమ్మా అని పిలిచేవాడు. తన దగ్గర డబ్బు పెడితే నెలనెలా ఇంత చేతికిస్తానని, అసలు అసలుగానే ఉంటుందని చెప్పేవాడు. ముందు పెట్టిన ఇద్దరు ముగ్గురికి కొత్త నోట్లు తెచ్చి, అందరూ చూస్తుండగా, వాకిట్లోనే ఇచ్చాడు. ఆయన నవ్వితే పై చిగుళ్ళన్నీ కనపడేవి. నాకు ఎందుకో ఆయనను చూస్తేనే అసహ్యం వేసేది. మా అమ్మకు మాత్రం ఆ నోట్లే కనపడ్డాయి.

అమ్మ కుట్టు మిషను కొనుక్కోవాలని ఎన్నాళ్ళ నుంచో బియ్యం డబ్బాలో డబ్బు దాస్తోంది. ఆ డబ్బు ఆయన చేతిలో పెడితే మిషనూ వస్తుంది, పైన ఇంకొంత మిగులుతుంది అని లెక్క వేసుకుంది. వద్దని ఖాలా చెప్పింది. ఆమె అన్నకు ఇలాంటిదే జరిగి పుట్టింట్లో పొయ్యి వెలగని రోజులు చూసిందట. అమ్మ వినలేదు. వినకపోగా, ఖాలాను ఆపా అని, అంటే అక్కా అని, పిలిచే నోటితోనే, ఆపాకు మనం బాగుపడితే కుళ్ళు అని నాన్నతో అన్నది. ఆ మాట గోడ దాటింది. ఇద్దరికీ మాటలు పోయాయి. ఆయన మళ్ళీ వచ్చినప్పుడు డబ్బు ఇచ్చేయాలని అమ్మ నిర్ణయించుకుంది.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఖాలా పిల్లల్ని పోగేసింది. ఆమె చేతిలో మూతున్న రేకు డబ్బా. ఒక నిమ్మతొన అందులో వేసినవాళ్ళకు మర్నాడు రెండు ఇస్తానన్నది. నిమ్మతొనలంటే మాకు ప్రాణం. మీద చక్కెర పలుకులు అద్ది ఉండేవి. నోట్లో వేసుకోగానే ముందు ఆ పలుకులు కరకరమనేవి, తర్వాతే పులుపు. మొదట వేసిన పిల్లలకు నిజంగానే రెండేసి వచ్చాయి. వాళ్ళు గల్లీ అంతా తిరిగి ఊరించుకుంటూ తిన్నారు. ఇక ఎవరాగుతారు? నాన్న జీతం రోజున తెచ్చిన పొట్లం మొత్తం తీసుకెళ్ళి నేను ఆ డబ్బాలో గుమ్మరించాను.

మర్నాడు సాయంత్రం నల్లా వచ్చే వేళకు ఖాలా నన్ను పిలిచింది. ఆడవాళ్ళంతా బిందెలతో వరసలో ఉన్నారు. అమ్మ కూడా ఉంది, మొహం పక్కకు తిప్పుకుని. ఖాలా నా దోసిట్లో నిమ్మతొనలు పోసింది. ఒకటి నోట్లో వేసుకున్నాను. నున్నగా ఉంది. పలుకే తగల్లేదు. ఇంకోటి చూశాను, అదీ అంతే. వీటికి చక్కెర లేదేం ఖాలా అని అడిగాను.

"ఎట్లుంటది బిడ్డా? నీకన్న ముంగట ఎవరో చప్పరించిన్రు గద. అది జూఠా."

అక్కడే ఉమ్మేశాను. దోసిట్లోవి విసిరికొట్టి, నాలుక గౌనుకేసి రుద్దుకుంటూ ఏడుపు లంకించుకున్నాను. ఎవరి నోటిదో అనుకున్నకొద్దీ ఇంకా గట్టిగా రుద్దుకున్నాను. అమ్మ బిందె వదిలేసి పరుగున వచ్చింది. నోట్లో వేలు పెట్టి తోమి, పుక్కిలించమని నీళ్ళు పోసి, మళ్ళీ పోసి, ఖాలా మీద విరుచుకుపడింది. ఎన్నో రోజుల తర్వాత ఆమెతో అన్న మొదటి మాట, నా పిల్లకు ఎంగిలి పెడతవా అని.

ఖాలా కోప్పడలేదు. "నిమ్మతొన జూఠా అయితే గింత కోపమొచ్చె. మరి గాయన తెచ్చే నోటు ఎవరి జూఠానో అడిగినవా చెల్లె? పక్కింటామె నోట్లకెల్లి తీసి నీకు పెడతడు. నీ నోట్లకెల్లి తీసి ఇంకొకామెకు పెడతడు. ఆయన చేతుల చక్కెర యాడిది?"

నిండిన బిందె పొర్లిపోతున్నా ఎవరూ తీయలేదు. కొత్త నోట్లు అందుకున్నవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. అప్పుడు ఖాలా లోపలికి వెళ్ళి ఒక గిన్నె తెచ్చి అమ్మ ముందు పెట్టింది. అందులో నీళ్ళు. నిమ్మతొనలు ఆ నీళ్ళలో ముంచి చక్కెర కడిగేసిందట. ఎవరి నోరూ తగలలేదట. అమ్మ నమ్మలేదు. గిన్నెలో వేలు ముంచి నాలుకకు రాసుకుంది, తియ్యగా ఉన్నాయి. ఖాలా నవ్వుతూ, అది జూఠా కాదు చెల్లె, ఝూటా అన్నది. మా చెవులకు అది జూటా కాదు, జూటా అని వినపడింది. అమ్మ ఒక క్షణం తెల్లమొహం వేసి, తర్వాత బిందె మీద చెయ్యి వేసుకుని కూలబడి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

డబ్బు బియ్యం డబ్బాలోనే ఉండిపోయింది. వానలు పడేసరికి ఆయన రావడం మానేశాడు. ఆడవాళ్ళు యూసుఫ్‌గూడలో ఆయన గది వెతుక్కుంటూ వెళితే తాళం కనపడింది. మా అమ్మ మిషను కొన్నది. దాని మీద వచ్చిన ప్రతి రూపాయీ ఎవరి జాకెట్టు కుడితే వచ్చిందో ఆమెకు తెలుసు.

ఇదంతా మర్చిపోకుండా ఉండేలా ఈ ఊరు ఎప్పటికప్పుడు చూస్తూనే ఉంది. నా మనవరాలు మధురానగర్‌లో హాస్టల్లో ఉంటుంది. యూసుఫ్‌గూడలో నా ఇల్లుండగా హాస్టలెందుకంటే, నా నోటికి జడిసి. ఉద్యోగం వచ్చి ఇంకా ఏడాది తిరగలేదు. మొన్నామధ్య ఒక ఆదివారం కాజు కత్లీ డబ్బా తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. జీతంలోంచి కాదట, లాభంలోంచట. ఏదో యాప్‌లో డబ్బు పెడితే వారంవారం వస్తోందట. ఇంకొకరిని చేర్పిస్తే అందులోనూ వాటా ఉందట. ఇప్పుడు బ్యాంకులో పర్సనల్ లోన్ తీసుకుని గోల్డ్ మెంబర్ అవుతానన్నది. తినబోయిన ముక్క డబ్బాలో పెట్టేశాను. నేను తిట్టడం మొదలుపెట్టేలోపే, వచ్చి చూస్తే నువ్వే ఒప్పుకుంటావని పంజాగుట్టలో ఒక హోటలుకు తీసుకెళ్ళింది.

హాలు నిండా దాని ఈడు పిల్లలే. ఆదివారం షిఫ్టు నుంచి వచ్చారేమో, మెడలో ఆఫీసు కార్డుల తాళ్ళు కూడా తీయలేదు కొందరు. స్టేజీ మీద ఒక కుర్రాడు, మెంటారట, ఉద్యోగం చేసేవాళ్ళు గొర్రెలన్నాడు. ఉద్యోగం చేసేవాళ్ళే చప్పట్లు కొట్టారు. తన కారు ఫొటో చూపించాడు, వెంటనే వాళ్ళమ్మ ఫొటో చూపించి కళ్ళు తుడుచుకున్నాడు. అమ్మను కూడా అమ్ముకుంటున్నాడు. మనమంతా ఒక ఫ్యామిలీ అన్నాడు. హాల్లో నెరిసిన తల నాదొక్కటే కాబట్టి కిందికి దిగివచ్చి, వెనక ఒకడు ఫోన్లో వీడియో తీస్తుండగా, నా కాళ్ళకు దండం పెట్టాడు. వంగినప్పుడు గుప్పుమన్నది సెంటు. పై చిగుళ్ళు కూడా కనపడ్డాయి. ఇన్నేళ్ళయినా వీళ్ళకు ఆ నవ్వు ఎవరు నేర్పుతారో తెలియదు. ఇంటికి వెళ్ళగానే ఆ పాదాలు సబ్బు పెట్టి కడుక్కున్నాను.

బయటికొచ్చి మెట్రో స్తంభం పక్కన ఆటో కోసం నిలబడ్డాం. నిమ్మతొనల కథ చెప్పాను. చిన్నప్పటి నుంచి విన్నదే కాబట్టి విసుక్కుంది. "గది వేరు, గిది వేరు అమ్మమ్మా. గిది ట్రేడింగ్. యాప్‌ల అంతా గ్రీనే కనవడుతున్నది, చూడు."

చూడలేదు. ఎవరినైనా చేర్పించావా అని అడిగాను. చేర్పించిందట, తన రూమ్మేటును. నిజామాబాద్ దిక్కు పిల్ల, ఇంకా అమీర్‌పేటలో కోర్సు చేస్తోంది. ఉద్యోగం లేని పిల్లకు డబ్బెక్కడిదన్నాను. కోర్సు ఫీజు కట్టమని వాళ్ళ నాన్న పంపినవి అన్నది.

"ఆ పిల్ల ఎప్పుడు కట్టింది బిడ్డా?"

"పోయిన సోమవారం."

"నీకు లాభమెప్పుడు వచ్చింది?"

అది ఫోను తీసి చూసింది. మంగళవారం అని, తెర ఆర్పేసింది. ఆటో వచ్చి ఆగినా ఎక్కలేదు. కాసేపటికి, కాజు కత్లీ నువ్వు తిన్నావా అమ్మమ్మా అని చిన్న గొంతుతో అడిగింది. తినలేదన్నాను. నేను తిన్న అన్నది. స్తంభం చాటుకు వెళ్ళి ఉమ్మి వచ్చింది. ఎప్పుడో తిన్న స్వీటు ఇప్పుడు ఉమ్మితే పోదు. ఆ సంగతి దానికీ తెలుసు.

యాప్‌లోని పచ్చ అంకెలు ఎంత నొక్కినా బయటికి రాలేదు. మొదట ప్రాసెసింగ్ అని చూపించాయి, తర్వాత అదీ చూపించలేదు. మనవరాలి డబ్బు పోయింది. లోన్ మాత్రం తీసుకోలేదు. జీతం రాగానే రూమ్మేటు ఫీజు తానే కోర్సు వాళ్ళకు కట్టి వచ్చింది. ఇప్పుడు నెలకింత బ్యాంకు ద్వారా ఏదో ఫండులో వేస్తోంది. డబ్బు పెట్టడం తప్పని నేననను. ఆ ఫండు ఏయే కంపెనీల్లో పెడుతుందో, వాళ్ళు ఏం తయారుచేస్తారో నాకు చదివి వినిపించింది. ఒకటి సిమెంటు, ఒకటి మందులు. పెరిగినా తగ్గినా అక్కడ ఎవరో ఏదో పని చేస్తున్నారు. పంజాగుట్ట హాల్లో మాత్రం ఆ కుర్రాడు ఇంకా ఆదివారాలు ఏడుస్తూనే ఉన్నాడట. నా కాళ్ళకు మొక్కిన వీడియో వాళ్ళ ప్రచారంలో తిరుగుతోందని పక్కింటి వాళ్ళు చూపించారు. పిల్లల్ని పిలవడానికి నా కాళ్ళను కూడా వాడుకుంటున్నాడు. తీసెయ్యమని మనవరాలు ఎన్ని మెసేజులు పెట్టినా జవాబు లేదు.

పోయిన ఆదివారం అది వచ్చి ఏమీ మాట్లాడకుండా నా అరచేతిలో ఒక నిమ్మతొన పెట్టింది. ఎక్కడ దొరికిందో అడగలేదు. నోట్లో వేసుకోబోయే ముందు, అలవాటు కొద్దీ, బొటనవేలితో దాన్ని రుద్ది చూశాను. ఎవరు ఏమిచ్చినా నా బొటనవేలు ముందు అదే పని చేస్తుంది, ఖాలా పోయి ఎన్నేళ్ళయినా. మనవరాలు నా వేలి వైపే చూస్తూ నిలబడింది. చక్కెర పలుకులు వేలికి అంటుకున్నాయి. అప్పుడు తిన్నాను.