రహమాన్ దిద్దిన నియాండర్తల్ మనిషి

మెట్‌పల్లి బజారులో సగం బోర్డులు రహమాన్ రాసినవే. నిజాం రాజ్యం ఉన్నన్నాళ్లూ ఉర్దూలోనే రాశాడు. ఆ తర్వాత దుకాణదారులు తెలుగు బోర్డులు అడగసాగారు. తెలుగు మాట్లాడటమే గాని రాయడం రాని రహమాన్‌కు పక్కింటి బాలమల్లు అక్షరాలు నేర్పాడు. పొద్దంతా మగ్గం గుంతలో కూర్చుని నేసి, సాయంత్రం అరుగు మీద సుద్దముక్కతో గుణింతాలు దిద్దించేవాడు. కొన్నేళ్లకు కీళ్లవాతంతో బాలమల్లు నడుము వంగిపోయింది. మగ్గం వదిలి హైస్కూల్లో గంట కొట్టే పనికి చేరాడు.

1959లో ఆ స్కూల్లో సైన్సు చెప్పే కైలాసం సారు రహమాన్‌కు ఒక పుస్తకం చూపించాడు.

“రహమాన్ భాయ్, గీ బొమ్మ పిల్లలందరికి కనబడేటట్టు పెద్దగ గీయాలె.”

బొమ్మ బొటనవేలంత ఉంది, సిరా అలుక్కుపోయింది. వేల ఏళ్ల కిందట యూరపు గుహల్లో బతికిన నియాండర్తల్ మనిషట. మెడ ముందుకు వాల్చి, మోకాళ్లు వంచి, కుంగి నడిచేవాడట. కింద ‘సగం మనిషి’ అని రాయమన్నాడు సారు.

రహమాన్ మూడు రోజులు కూర్చుని గుడ్డ మీద గీశాడు. తరగతి గోడకు పటం తగిలించగానే పిల్లలు గొల్లున నవ్వారు. “గంట కొట్టే బాలమల్లు!” అని ఎవరో అరిచారు. అప్పుడు చూసుకున్నాడు రహమాన్. ఆ నడుము, ఆ మెడ, చేతులు వేలాడే తీరు, అన్నీ రోజూ తన కళ్ల ముందు తిరిగే మనిషివే. చేయి తనకు తెలిసిందే గీసింది.

మర్నాటి నుంచి బాలమల్లు గంట కొడితే పిల్లలు “నియాండర్తల్, నియాండర్తల్” అని వంగి నడిచేవారు. ఆయన రహమాన్ అరుగు మీదికి రావడం మానేశాడు.

“ఊకె పరేషాన్ అయితే ఏమొస్తది? పోయి మాఫీ అడుగుర్రి,” అంది రహమాన్ భార్య షహర్ బానో.

వెళ్లాడు. బాలమల్లు కోపంగా లేడు. అదే ఇంకా కష్టమైంది.

“బొమ్మ గీస్తే గీసినవ్ భాయ్. నేను నేర్పిన అక్షరాలతోనే సగం మనిషి అని రాసినవ్ గద.”

రహమాన్ అక్కడి నుంచి నేరుగా స్కూలుకు పోయాడు. పటం తీసేయమని సారును అడిగాడు. పాఠం అయ్యేదాకా ఉండాలన్నాడు సారు. ఆ ఏడాదంతా రహమాన్ స్కూలు వైపు పోలేదు.

ఎండాకాలంలో కైలాసం సారు శిక్షణ కోసం హైదరాబాదు వెళ్లాడు. తిరిగి వచ్చిన రోజు బస్సు దిగి, సంచీ భుజాన ఉండగానే నేరుగా రహమాన్ ఇంటికి వచ్చాడు.

“తప్పు నాది భాయ్. బాలమల్లును గూడ పిలువు.”

ముగ్గురూ అరుగు మీద కూర్చున్నాక చెప్పాడు. ఆ వంగిన బొమ్మ ఫ్రాన్సు గుహలో దొరికిన ఒక్క అస్థిపంజరాన్ని చూసి ఊహించింది. మూడేళ్ల కింద ఇద్దరు పండితులు ఆ ఎముకలను మళ్లీ పరీక్షించారు. అవి ఒక ముసలాయనవి, ఆయన వెన్నుకు కీళ్లవాతం. ఆరోగ్యంగా ఉన్న నియాండర్తల్ మనలాగే నిటారుగా నిలబడేవాడు. మెదడు కూడా మనకు తక్కువది కాదు.

“అయితే గాయన మనకు తాతనా సార్?” అన్నాడు రహమాన్.

“తాత అనేటోళ్లున్నరు. కాదు, పాలోడు, మన వంశంలకెల్లి పక్కకు పోయిన కొమ్మ అనేటోళ్లున్నరు. ఇంక తేలలే. గని సగం మనిషి మాత్రం కాదు.”

బాలమల్లు తన నడుము మీద చేయి వేసుకున్నాడు. “గాయనకు గూడ నడుం నొప్పేనా?” అన్నాడు.

“నడుమే కాదు, పండ్లు గూడ చానా ఊడినయి. అయినా కొన్నేండ్లు బతికిండు.”

“అంటే ఎవలో తిండి మెత్తగ చేసి పెట్టిండ్రు,” అని బాలమల్లు నవ్వాడు. ఏడాదికి ఆ నవ్వు విన్న రహమాన్‌కు గుండెల మీది బండ దిగినట్టయింది. తల పక్కకు తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

స్కూలు తెరిచాక సారు పిల్లలందరి ముందూ తన పొరపాటు చెప్పి, తనను క్షమించమని బాలమల్లును అడిగాడు. రహమాన్ కొత్త పటం గీశాడు. ఈసారి నిటారు మనిషి కావాలి కాబట్టి సారునే నిలబెట్టి గీశాడు. కనుబొమ్మల ఎముక మాత్రం లావుగా పెట్టాడు. పిల్లలు పటాన్నీ, సారు బొజ్జనూ మార్చి మార్చి చూసి నవ్వారు. సారూ నవ్వాడు.

ఆ సాయంత్రం బాలమల్లు అడగకుండానే వచ్చి రహమాన్ ఇంట్లో చాయ్ తాగాడు. షహర్ బానో రెండోసారి పోస్తే వద్దనలేదు.