అమ్మ ఏమడిగిందో

హాస్టల్లో పెరిగిన మిత్రులారా, మన రేకు పెట్టెల వాసన గుర్తుందా? తుప్పు, కలరా ఉండలు, మడత నలగని కొత్త చొక్కా. నిన్న జర్మనీలో, నేనుంటున్న వోల్ఫ్స్‌బర్గ్‌లో, మా కింది ఇంటి హెల్గా బామ్మ తన పాత పెట్టె తెరిస్తే అదే వాసన వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక, పోషించే దిక్కులేని జర్మన్ పిల్లల్లో కొందరిని ఓడెక్కించి దక్షిణాఫ్రికాలో పెంపకానికి పంపారట. వాళ్లలో ఈ బామ్మ ఒకరు. అప్పుడామెకు ఐదేళ్లు.

"పెద్దయ్యాక వెతుక్కుంటూ వచ్చాను. అమ్మ బతికే ఉంది. కానీ నేను జర్మన్ మరిచిపోయాను. ఇద్దరం చేతులు పట్టుకుని ఊరికే కూర్చున్నాం," అంది బామ్మ.

నాకు మా తండా కళ్ల ముందు మెదిలింది. బాగా చదువుకుంటానని ఆరేళ్లకే నన్ను దూరపు హాస్టల్లో చేర్చారు. అక్కడ అందరిదీ తెలుగే. రెండేళ్ల తర్వాత ఇంటికి వెళ్తే, అమ్మ ఎదురొచ్చి మా లంబాడీలో ఆత్రంగా ఏదో అడిగింది. 'యాడీ' అని పిలవాల్సినవాణ్ణి, "ఏందమ్మా? నాకు సమజైతలేదు," అన్నాను.

అమ్మ మళ్లీ అడగలేదు. నా తల నిమిరింది. ఇప్పుడు అమ్మ లేదు. ఆ రోజు ఏమడిగిందో నాకు ఈనాటికీ తెలియదు.