నాన్నకు పంపిన నలభై గాలి కబుర్లు

ఒకప్పుడు సున్నా అంటే నాకు చచ్చేంత భయం. ఉద్దానం తీరంలో వేటకెళ్లే ఇంట్లో పుట్టి, లెక్కల్లో సున్నాలు తెచ్చుకుని వీపు విమానం మోత మోగించుకున్నదాన్ని (మోగించింది అమ్మే, నాన్న కాదు). అలాంటి నాకు చదువయ్యాక టెక్కలిలో ఓ చిన్న ఆఫీసులో ఉద్యోగం దొరికింది. సముద్రం మీద గాలి లేచేలా ఉంటే తీరం ఊళ్లవాళ్ల ఫోన్లకు మెసేజీ పంపడమే పని. ఒక్కొక్కటీ చేత్తో పంపడమేమిటని, కంప్యూటరే వాటంతట అదే పంపేలా లినక్సులో స్క్రిప్టు రాసి పారేశాను. అక్కడ ప్రతి కమాండూ పని ముగించి పోతూ పోతూ ఒక అంకె చెబుతుంది, దాన్నే ఎగ్జిట్ కోడ్ అంటారు. మెసేజీ పంపే కమాండు సున్నా చెప్పింది. సున్నా అంటే తప్పినట్టే కదా! ‘సున్నా వస్తే మళ్లీ పంపు’ అని రాసి, దర్జాగా టీకి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి మేనేజరుగారు ముఖం కందగడ్డ చేసుకుని నిలబడ్డారు. ఆయన ఆపేలోపు ఒక్కో ఫోనుకు నలభై హెచ్చరికలు వెళ్లాయట. "ఏటి సేత్తన్నావమ్మా? మూలపేట కాడ్నుంచి ఇచ్ఛాపురం దాకా జనం తిడతన్నారు! ఎక్కడ తప్పిందో రేపు సెప్పు. నేకపోతే ఇంక రావద్దు!" మా ఇంట్లో నెలజీతం ముఖం చూసిన మొదటిదాన్ని నేను. అది ఊడితే అమ్మకు ఏం చెప్పాలో తెలియలేదు.

ఇంటికెళ్లేసరికి నాన్న వల బాగుచేసుకుంటున్నాడు. "ఒక్కో మెసేజీకి ఒక్కో తాడు కట్టినాం పడవకి!" అని నవ్వాడు. నేను భోరుమన్నాను. "సున్నా వచ్చింది నాన్నా, తప్పైపోనాదనుకున్నాను."

"ఓసి పిచ్చిదానా! నాను సంద్రం నుంచొత్తే మీ యమ్మ ఏటడుగుద్ది?"

"ఏటైనా అయ్యిందేటి, అని."

"నానేటంటాను?"

"ఏటీ నేదంటావు."

"అదే మరి సున్నా! వల సిరిగితే ఒకటి, ఇంజనాగితే రెండు. కష్టానికే పేర్లు కావాల. బాగుంటే సెప్పడానికేటుంది?"

నా ఏడుపు ఠక్కున ఆగిపోయింది. కమాండు సున్నా చెప్పిందంటే మెసేజీ క్షేమంగా వెళ్లిందనే! మర్నాడు స్క్రిప్టు సరిచేశాను. సున్నా కాని అంకె వస్తేనే మళ్లీ పంపాలి, అదీ మూడుసార్లకు మించకూడదు. నాన్న మాటల్లోనే మేనేజరుగారికి వివరించాను. ఆయన "మీ నాయన ఏటి సదివేరు?" అన్నారు. "సముద్రమండీ" అన్నాను (ఎంత పొగరో నాకప్పుడు!).

ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు కొత్తగా చేరినవాళ్లకు ఆ పాఠం చెప్పేది నేనే, నాన్న పేరు చెప్పకుండా ఒక్కసారీ చెప్పలేదు. ఆయన ఫోనులో మాత్రం ఆ నలభై మెసేజీలూ అలాగే ఉన్నాయి. ఫోను నిండిపోయింది, తుడిచేస్తాను ఇవ్వు నాన్నా అంటే చొక్కా జేబు గట్టిగా పట్టుకుంటాడు.

"ఉండనీయే. మా యమ్మి పంపినయ్యి."