అంగుళం పావు

మా బావ టైల్స్ మేస్త్రీ. సాయంత్రమైతే డార్ట్స్ ఆడేవాడు. గోడమీది గుండ్రటి బోర్డుకు గురిచూసి విసిరే చిన్న బాణాలు, వెనక రెక్కలు, ముందు ఉక్కు ముల్లు. పదిహేనేళ్ళు పని దిగి ఇంటికొచ్చాక విసిరి విసిరి, నలభై నాలుగో ఏట ప్రొఫెషనల్ కార్డు సంపాదించాడు. అది ఉన్నవాళ్ళకే పెద్ద పోటీల్లో చోటు. రెండేళ్ళలో తగినన్ని ఆటలు గెలవకపోతే ఊడిపోతుంది. ఈ వయసులో ఈ ఆటేమిటని వెక్కిరించినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ తర్వాత నా సరుకుల వ్యానులో ప్రతి పోటీకీ తీసుకెళ్ళినవాణ్ణీ నేనే. అక్క మొగుడు కదా, తప్పుతుందా.

ఆట తేలికే. ఐదువందల ఒకటితో మొదలుపెట్టి, బాణం ఎక్కడ పడితే ఆ అంకె తీసేసుకుంటూ సరిగ్గా సున్నాకు రావాలి. చివరి బాణం మాత్రం బోర్డు అంచునున్న సన్నటి పట్టీలో పడాలి. దాన్ని డబుల్ అంటారు, అక్కడ పడితే అంకె రెట్టింపు. బోర్డు నడిమధ్య నేలనుంచి ఐదడుగుల ఎనిమిదంగుళాల ఎత్తున ఉండాలి. ఎవరు ఎక్కడ ఆడినా ఇదే కొలత. కాస్త గుర్తుపెట్టుకోండి, మేము మర్చిపోయాం.

మొదటి ఏడాది బాగా ఆడాడు. టీవీలో కనిపించే ఇద్దరు ముగ్గుర్ని ఓడించాడు కూడా. రెండో ఏడాది ఏమైందో తెలియదు, బాణాలన్నీ కిందికి దిగడం మొదలుపెట్టాయి. మూడింతల పట్టీలో పడి అరవై రావాల్సిన చోట, దాని కింద పడి ఇరవై. ఇంట్లో మాత్రం కళ్ళు మూసుకుని వేసినా తగిలేవి. పోటీకి వెళ్ళగానే నీరుగారిపోయేవాడు. కళ్ళ డాక్టరు చూసి కళ్ళు బంగారంలా ఉన్నాయన్నాడు. తోటి ఆటగాళ్ళు వయసన్నారు. నేను భయమన్నాను. తెలియనివాడికి నోరెక్కువ.

ఆ రోజుల్లోనే బావకు కొత్త అలవాటొకటి పట్టుకుంది. పొద్దున లేవగానే గ్లాసునిండా అంచుదాకా నీళ్ళు పోసి, చేయి చాచి, గది ఈ కొసనుంచి ఆ కొసకు నడిచేవాడు. చుక్క కూడా ఒలికేది కాదు. ఇదేదో ఆటగాళ్ళ కసరత్తు కాబోలనుకున్నాను.

ఆఖరి పోటీకి నాలుగు రోజుల ముందు, ఆదివారం మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. ఆ పోటీలో మొదటి ఆట గెలిస్తే కార్డు నిలుస్తుంది. బావ బల్లముందు కూర్చుని ఉత్తరం రాస్తున్నాడు. అక్క స్టూలెక్కి కిటికీకి కర్టెన్లు తగిలిస్తోంది. అక్కది దర్జీ పని. కర్టెన్లు కొలిచే పొడవాటి టేపు, నిద్రపోయేటప్పుడు తప్ప మెడలోంచి తియ్యదు.

"ఏం రాస్తున్నావు బావా?"

"కార్డు తిరిగిచ్చేస్తున్నా. వాళ్ళు పీక్కునేదాకా ఎందుకు?"

"ఇంకొక్క ఆటుంది కదా."

బావ కలం పక్కన పెట్టి కుడిచెయ్యి చూసుకున్నాడు. "మా నాన్నకు నలభై ఆరో ఏటే మొదలైందిరా వణుకు. మొదట్లో ఇంట్లో ఏమీ ఉండేది కాదు. పనిలో నలుగురూ చూస్తుంటేనే వణికేది. తర్వాత తాపీ పట్టుకోలేకపోయాడు. ఆ తర్వాత గ్లాసు కూడా. నాకిప్పుడు నలభై ఆరు."

అప్పటికి గాని నాకా గ్లాసు సంగతి అర్థం కాలేదు. ఏడాదిగా ఆయన తన చేతిని తానే కాపలా కాసుకుంటున్నాడు. ఆట పోతే పోయింది, ఆ చేయి పోతే టైల్స్ పనీ లేదు, ఆయనా లేడు. నేను దాన్ని భయమని ఎగతాళి చేసినందుకు సిగ్గేసింది.

అక్క స్టూలు మీద అలాగే నిలబడిపోయింది. "ఏడాదినుంచి ఇది మనసులో పెట్టుకుని నాతో ఒక్క ముక్క చెప్పలేదా మీరు?"

అక్క కోపంగా కర్టెను కిందికి లాగింది. అది నేలమీద జీరాడింది. "ఇదొకటి," అని విసుక్కుంది. "టైల్స్ వేశాక ఇంట్లో కర్టెన్లన్నీ అంగుళం పావు మడిచి కుట్టాను. ఈ జత పెట్టెలో ఉండిపోయింది."

ఊరందరి ఇళ్ళకూ టైల్స్ వేసిన మనిషి సొంతింట్లో ఇరవయ్యేళ్ళు సిమెంటు నేలే ఉండేది. అక్క అడిగి అడిగి ఊరుకుంది. మొదటి ఏడాది బాగా గెలిచిన సంతోషంలో ఒకరోజు చెప్పాపెట్టకుండా సామాను దించి, నాలుగు రోజుల్లో ఇల్లంతా పరిచేశాడు. గోళీ పెడితే కదలదు, అంత సమంగా. నేల లేచిందని వడ్రంగి వచ్చి తలుపుల అడుగులు చెక్కి వెళ్ళాడు. అక్క కర్టెన్లు మడిచింది.

స్టూలు మీదనుంచి అక్క చూపు మెల్లగా గోడమీది బోర్డుకేసి తిరిగింది. దిగి వచ్చి, మెడలోని టేపు తీసి, కొస కాలితో తొక్కిపట్టి బోర్డు నడిమధ్యదాకా లాగింది.

"ఐదడుగుల ఆరు ముప్పావు," అంది.

ఉండాల్సినదానికి సరిగ్గా అంగుళం పావు తక్కువ. తలుపులు సర్దుకున్నాయి, కర్టెన్లు సర్దుకున్నాయి, బోర్డు మాత్రం ఎక్కడిదక్కడే ఉండిపోయింది. పోటీల్లో కాస్త చేయి ఎత్తి సర్దుకున్నా, మళ్ళీ ఇంటికొచ్చి రోజుకు మూడు గంటలు ఆ తప్పునే సాధన చేశాడు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

బావ కుర్చీలోంచి జారి నేలమీద కూర్చున్నాడు. టైల్స్‌ను అరచేత్తో నిమిరాడు. "ఒక్క సందు కూడా తేడా లేదు చూడు," అన్నాడు. ఆయన ముఖంలో నవ్వుంది, కళ్ళనిండా నీళ్ళున్నాయి. నాకూ ఏడుపాగలేదు.

ఉత్తరం చింపాడు. బోర్డు అంగుళం పావు పైకి జరిపాడు. కానీ ఏడాది తిప్పిన చేయి నాలుగు రోజుల్లో తిరుగుతుందా?

"మందం సోలున్న బూట్లు వేసుకుని పో బావా, నువ్వూ అంగుళం పావు లేస్తావు, సరిపోతుంది," అన్నాను.

"మీ అక్క పక్కన పెళ్ళి ఫొటోకే వేసుకోలేదు. ఇప్పుడేసుకుంటానా?" అన్నాడు. అక్క ఆయనకంటే రెండంగుళాలు పొడుగు.

కుట్టుపని చేతినిండా ఉండి అక్క పోటీకి రాలేకపోయింది. ఆటలో అవతలి మనిషి పోస్ట్‌మన్, నెమ్మదస్తుడు. ముందు ఆరుసార్లు సున్నాకు చేరినవాడిదే గెలుపు. ఐదూ ఐదూ అయ్యాయి. ఆఖరుదాంట్లో బావకు నలభై మిగిలింది, చేతిలో మూడు బాణాలు. డబుల్ ఇరవైలో ఒక్కటి పడితే చాలు. మొదటిది అంగుళం కింద, మామూలు ఇరవైలో దిగింది. పాత చెయ్యి అంత తొందరగా పోదు. ఇక డబుల్ పది కావాలి. రెండోది తీగ బయట పడింది. మూడోది తీగకు తగిలి ఆ పక్కనే గుచ్చుకుంది, వెంట్రుకవాసి తేడా. పోస్ట్‌మన్ తన వంతులో ముగించేశాడు.

కార్డు పోయింది. నేను తల పట్టుకుని కూర్చున్నాను. బావ మాత్రం పోస్ట్‌మన్ చేతులు రెండూ పట్టుకుని ఏదో చెబుతూ నవ్వుతున్నాడు. వ్యాను ఎక్కి ఊరు దాటకముందే నిద్రపోయాడు, నోరు తెరుచుకుని.

ఇంటికి చేరేసరికి సాయంత్రం ఐదు. అక్క గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏమైందండీ?"

"ఓడిపోయా. వెంట్రుకవాసిలో పోయింది. కొత్త ఏడాదిలో కార్డు కోసం మళ్ళీ పోటీలున్నాయట, పేరు ఇచ్చొచ్చా."

అక్క ఇంకేమీ అడగలేదు. లోపలికెళ్ళి గ్లాసునిండా మంచినీళ్ళు తెచ్చిచ్చింది. బావ గ్లాసు అందుకుని, ఆట అయ్యాక నేల సంగతి విన్న పోస్ట్‌మన్ ఈయన బూట్లకేసి చూసి ఏమడిగాడో చెప్పడం మొదలుపెట్టాడు. సగంలో ఆయనకే నవ్వొచ్చింది. గ్లాసు ఒరిగి సగం నీళ్ళు టైల్స్ మీద పడ్డాయి.

"చూసుకోండి, జారిపడతారు," అని అక్క గుడ్డకోసం వెళ్ళింది. బావ ఆ నీళ్ళకేసి చూడలేదు, చేతికేసీ చూడలేదు. మిగిలినవి తాగేసి, ఎక్కడ ఆపానురా అని నన్నడిగాడు.