కాకినాడ కవరు

మా బాబాయి రావులపాలెం మార్కెట్లో అరటి గెలల వ్యాపారి. దగ్గు తగ్గడం లేదని మొన్న వెళితే, మా ఊరి డాక్టరు గారు ఎక్స్‌రే తీయించి ఊపిరితిత్తిలో మచ్చ ఉందన్నారు. అప్పట్నుంచీ బాబాయికి ముద్ద దిగలేదు.

ఈ రోజు పొద్దున ఆ ఫిల్మునే కాకినాడ తీసుకెళితే, అక్కడి డాక్టరు మచ్చేమీ లేదని చెప్పి, తమ ఆసుపత్రి కవర్లో పెట్టి ఇచ్చారు. సాయంత్రం దాన్ని మా డాక్టరు గారికి చూపించాం.

కవరు చూడగానే ఆయన ముఖం వెలిగింది. "చూశారా, కాకినాడలో తీస్తే ఎంత స్పష్టంగా వస్తుందో! మచ్చే లేదండి."

"ఇది మీరు తీయించిందేనండి" అన్నాడు బాబాయి.

ఆయన మళ్ళీ వెలుతురుకి పెట్టి చూశారు. "ఆఁ, ఇదిగో, ఈ మూల ఉందండి."

బయటికొచ్చాక బాబాయి, "ఏ తోట గెలో అడిగాకే బాగుందో లేదో చెప్పేది మేమే అనుకున్నానురా" అన్నాడు.

మీ ఇంట్లో పెద్దాసుపత్రుల పాత కవర్లేమైనా ఉన్నాయాండీ? మా ఊళ్ళో మచ్చలు పోగొడతాయి.