రంగు మార్చని పడవ

పదేళ్ల కిందట జూన్ నెలలో మా పత్రిక నన్ను వాకాడు వైపు తీర మండలాలకు విలేకరిగా వేసింది. సముద్రంలో వేట నిషేధం అప్పుడే ముగిసింది. నేను చేరిన వారంలోనే ఒక మంత్రి సభలో తీర భద్రత గురించి మాట్లాడుతూ, ఉగ్రవాదులు సముద్రం మీదే వస్తారని, తెలియని ప్రతి పడవనూ శత్రువుగానే చూడాలని అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. నేను వార్తను ఆ వాక్యంతోనే మొదలుపెట్టాను.

కొద్ది రోజుల్లో ఆ మాట మెరైన్ పోలీసు స్టేషన్ రిజిస్టరులోకి వచ్చింది. అంతకుముందు అందులో ‘తెలియని పడవ’ అనే గడి ఉండేది. అలాంటి పడవ కనిపిస్తే ఎస్సై ఊరి పెద్దకు ఫోన్ చేసేవాడు. ఫలానావాడిదని పెద్ద చెబితే గంటలో వదిలేసేవారు. కొత్త సర్క్యులర్‌తో ఆ గడి ‘శత్రు అనుమానిత పడవ’ అయింది. పద్ధతీ మారింది. శత్రువును వదిలే అధికారం ఎస్సైకి ఉండదు కనుక జిల్లా కార్యాలయం నుంచి కాగితం రావాలి.

మొదట చిక్కింది పోలయ్య అనే జాలరి. తమిళనాడులో పాత పడవ కొని తెచ్చుకున్నాడు. ఏ రాష్ట్రం పడవకు ఆ రాష్ట్రం రంగు ఉండాలనేది నిబంధన. పోలయ్య ఊరి ఆచారం వేరు. కొన్న పడవ సొంత ఒడ్డున తొలి వేట దించేదాకా పాత రంగు, పాత పేరు చెరపరు. తమిళ అక్షరాలతోనే తొలి వేటకు బయల్దేరి పొద్దున్నే పట్టుబడ్డాడు. మనిషిని సాయంత్రానికి పంపేసి పడవను ఉంచుకున్నారు. పోలీసుల ప్రెస్ నోట్‌లో ఉన్నట్టే నేను ‘శత్రు అనుమానిత పడవ పట్టివేత’ అని రాశాను.

అది అచ్చయిన రోజు పోలయ్య, అతని అత్త నన్ను వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్లారు. ఆమె గుమ్మంలోనే అందుకుంది.

“నిషేధానికి ముందు మా రొయ్యలు అడిగి మరీ తెప్పించుకున్నావే సారూ. అప్పుడు మేం శత్రువులం కాదా?”

ఎస్సై నవ్వాడు. పోలయ్య ఎవరో తనకు బాగా తెలుసని ఒప్పుకున్నాడు. తర్వాత బల్ల మీది మా పత్రికను నా వైపు తిప్పాడు.

“నాకు వదలాలనే ఉండాది అన్నా. శత్రువని అచ్చేసినారు మీరు. రేపు పైనించి అడిగితే, పేపరోళ్లకు తెలిసింది నీకు తెలీలేదా అంటారు.”

కాగితం మూడు వారాలకు వచ్చింది. అన్నాళ్లూ పోలయ్య ఇతరుల పడవల్లో కూలికి వెళ్లాడు. పడవ చేతికొచ్చిన రోజే, ఒక్క చేప దించకుండానే రంగు కొట్టించాడు. ఇప్పుడు ఆ ఊళ్లో అందరూ అలాగే చేస్తున్నారు.

మంత్రి ఆ మాట మళ్లీ అనగా నేను వినలేదు. సర్క్యులర్‌ను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు. సభలో అన్న మాట మర్నాటికి పాతబడుతుంది. అదే రిజిస్టరులో గడిగా మారితే, దాన్ని నింపడానికి ఎవరో ఒకరు దొరకాల్సి వస్తుంది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ప్రెస్ నోట్‌లో ‘శత్రు అనుమానిత పడవ’ అని కనిపించిన ప్రతిసారీ, వార్త రాయకముందు ఊరి పెద్దకు నేనే ఫోన్ చేసి పడవ ఎవరిదని అడిగాను.